మూసీ క్లబ్‌కు ఇంకా రెండేళ్లు

ఇస్సాకుకు బాస్కెట్‌బాల్ ఆడటం రాదు. ఈ సంగతి ముందే చెప్పాలి, ఎందుకంటే ఆయన ఆట గురించి మాట్లాడుతుంటే విన్నవాళ్లెవరూ నమ్మరు. ఒకసారి మేమందరం బలవంతపెడితే ఫ్రీ త్రో గీత దగ్గర నిలబడి బంతి విసిరాడు. అది బోర్డుకైనా తగలకుండా గోడ దాటి, పక్కింటివాళ్లు ఎండబెట్టుకున్న మిరపకాయల మీద పడింది. ఆ ఇంటావిడ తిట్లకు మేము పడీపడీ నవ్వుతుంటే ఇస్సాకు మాత్రం గోడ మీంచి తొంగి, బంతి పడ్డాక ఎంత ఎత్తు లేచిందో చూశాడు.

"బండలు గద, మంచిగ లేస్తది," అన్నాడు.

మలక్‌పేట రేస్‌కోర్సులో రోలర్ లాగే ముఠాలో ఆయన ఒకడు. గుర్రాలు పరుగెత్తిన చోట లేచిపోయిన గడ్డిపెళ్లలను తొక్కి, నీళ్లు కొట్టి, మళ్లీ చదును చేయడం పని. తెల్లవారి వెళ్తే రెండింటికి ఇంటికొస్తాడు. అన్నం తిని నాలుగింటికల్లా మా మూసీ క్లబ్ కోర్టుకు వచ్చి మళ్లీ అదే పని మొదలుపెడతాడు, ఇక్కడ జీతం లేకుండా.

క్లబ్ అంటే భవనమేమీ లేదు. రెండు ఇనుప స్తంభాలు, రెండు చెక్క బోర్డులు, మట్టి నేల, బంతులు దాచుకోవడానికి ఒక రేకుల గది. మట్టిని జల్లెడ పట్టి పోసేవాడు ఇస్సాకు. నీళ్లు చల్లేవాడు, తొక్కించేవాడు, సున్నంతో గీతలు గీసేవాడు ఇస్సాకు. మధ్య వృత్తం గీయాలంటే ఒకరు తాడు ఒక కొసను మేకు దగ్గర గట్టిగా అదిమి పట్టుకోవాలి. ఆయన రెండో కొస పట్టుకుని, సున్నం డబ్బా వంచుకుంటూ వెనక్కి వెనక్కి నడుస్తాడు. వేలెడంత తేడా వచ్చినా గోనెపట్టాతో తుడిచేసి మళ్లీ గీస్తాడు. మేము బూట్ల తాళ్లు కట్టుకుని ఎదురుచూసేవాళ్లం.

"మామా, ఎవడు కొలుస్తడే దీన్ని?" అని నేను విసుక్కునేవాడిని.

"నేనే కొలుస్త," అనేవాడు.

ఆయన భార్య వరమ్మ ఆదివారం చర్చి నుంచి వస్తూ కోర్టు గేటు దగ్గర ఆగేది. "ఇంట్ల వాకిలి ఊడ్వమంటె నడుం నొస్తదంటడు. ఈడ జూడు, మన్నును బియ్యం లెక్క జల్లెడ పడ్తుండు. ప్రభువు రేపు అడిగితె ఏం జెప్తవయ్యా, గీతలు గీసిన అని చెప్తవా?" అని అందరికీ వినిపించేలా అనేది. ఇస్సాకు తల ఎత్తేవాడు కాదు.

రేకుల గదిలో గోడకు ఆయన స్వయంగా కొట్టిన చెక్క షెల్ఫు ఒకటి ఉంది. అరవై తొమ్మిదిలో మూసీ క్లబ్ సిటీ లీగ్ ఫైనల్‌కు వెళ్లినప్పుడు, షీల్డు పెట్టడానికని ముందు రోజే కొట్టాడట. ఆ ఫైనల్‌లో ఒక్క పాయింటుతో ఓడారు. అప్పటి నుంచి ఆ షెల్ఫు మీద సున్నం డబ్బా ఉంటోంది. ఆ డబ్బా దించి అక్కడ షీల్డు పెట్టడం తప్ప ఇస్సాకుకు ఈ లోకంలో ఇంకో కోరిక ఉన్నట్టు నేను ఎరగను.

అరవై తొమ్మిది టీమ్ రెండేళ్లలో చెదిరిపోయింది. అందరికంటే బాగా ఆడేవాణ్ణి రైల్వే తీసుకుంది. తర్వాత తయారైనవాళ్లలో ఒకడిని బ్యాంకు, ఒకడిని కరెంటాఫీసు, ఇంకొకడిని పోలీసు. మా ఆట పద్ధతే అది. ప్రభుత్వ సంస్థలకు సొంత టీములుంటాయి. మా బస్తీల్లో ఎవడైనా బాగా ఆడుతున్నాడంటే వాళ్ల మనిషి వచ్చి చూసి, ఉద్యోగమిచ్చి తీసుకుపోతాడు. మరుసటి ఏడాది వాడే వాళ్ల బనీను వేసుకుని మా మీద ఆడతాడు. ఇది అన్యాయమని ఎవరూ అనుకోలేదు. అసలు మేము కోర్టుకు వచ్చేదే అందుకు. ఇరవై ఐదేళ్లు నిండేలోగా ఎవరి కంటైనా పడాలి. ఆ తర్వాత ఉద్యోగం రాదు, ఎంత ఆడినా ఆటే.

ఉద్యోగం కాగితం వచ్చినవాడు మిఠాయి డబ్బా తెచ్చి మొదటి ముక్క ఇస్సాకు నోట్లో పెట్టాలి. అది ఆచారం. ఇస్సాకు కళ్లు తుడుచుకుంటూ తినేవాడు. మరుసటి రోజు నుంచి టీమ్ మళ్లీ మొదటికి వచ్చేది.

కోర్టు ఎదురుగా ఇరానీ హోటల్. అక్కడ సాయంత్రాలు మా క్లబ్ అభిమానులు కూర్చునేవాళ్లు. వాళ్లలో పెద్ద పురుషోత్తం గారు. రికార్డుల ఆఫీసులో ఫైళ్లు చూసి రిటైరైన మనిషి, ఇస్సాకు మాత్రం పంతులు సాబ్ అనేవాడు. చాయ్‌ని సాసర్‌లో పోసుకుని, చల్లారేదాకా ఊదుతూ, టీమ్ గురించి ఎవరేమడిగినా ఒకటే మాట చెప్పేవారు. "ఇంకా రెండేండ్లు." టీమ్ తయారవుతోంది, ఇంకా రెండేళ్లు పడుతుంది. ఈ మాట ఆయన డెబ్బై ఒకటిలో అన్నారు, డెబ్బై మూడులో అన్నారు, డెబ్బై ఐదులోనూ అన్నారు. ఎప్పుడూ తప్పు కాలేదు.

నేను పదిహేడో ఏట ఆ టీములో చేరాను. ఇంటర్ తప్పాను, చదువు మీద కోపంతో గ్రంథాలయంలో దొరికిందల్లా చదివాను, సాయంత్రాలు ఆడాను. నేను బుట్టలో వేసేవాడిని కాదు, వేయించేవాడిని. ఎవడు ఎక్కడికి పరుగెత్తుతాడో ముందే చూసి బంతి అక్కడికి పంపడం నా పని. ఆటలో ఆ స్థానాన్ని గార్డు అంటారు. పది నిమిషాలు నిలబడి చూసిపోయే అధికారులకు అది కనపడదు. బంతి బుట్టలో వేసినవాడి పేరు రాసుకుని పోతారు. నా పాసులతో ముగ్గురు మిఠాయి పంచారు. వాళ్లలో వేణుగోపాల్ ఒకడు.

నా ఆట పూర్తిగా తెలిసినవాడు ఇస్సాకు ఒక్కడే. గది గుమ్మంలో కూర్చుని, కళ్లు మూసుకుని, బంతి చప్పుడు వినేవాడు. "ఇగో, విశ్వం చేతిలకు అచ్చింది. ఇప్పుడు జూడు," అనేవాడు కళ్లు తెరవకుండానే.

డెబ్బై ఏడు చివర్లో మా టీమ్ కుదిరింది. బార్కస్ నుంచి సాలెం వచ్చాడు, ఆరడుగుల రెండంగుళాలు. మిగతా ముగ్గురూ నాతో మూడేళ్లుగా ఆడుతున్నవాళ్లు. వరుసగా రెండు డిపార్ట్‌మెంటు టీములను ఓడించాం. నాకు మరుసటి జూన్‌తో ఇరవై ఐదు నిండుతాయి.

ఆ వారం హోటల్లో పెద్ద లొల్లి.

"ఔ పంతులు సాబ్, ఇగ చెప్పున్రి," అన్నాడు ఇస్సాకు, బల్ల మీద అరచెయ్యి చరిచి. "టీమ్ కట్టుడు అయిపోయిందా, లేదా?"

"ఇంకా రెండేండ్లు," అన్నారు పురుషోత్తం గారు.

"ఇంకా ఏం కావాల్నే మీకు? రెండు డిపార్ట్‌మెంట్లను కొట్టినం!"

"అరె, అరవై తొమ్మిదిల నాలుగింటిని కొట్టినం. ఏమైంది? గప్పుడు మన దగ్గర ఒక పులి ఉండె. ఇప్పుడున్నోళ్లల్ల పులి ఎవడు? సాలెం పొడుగున్నడు గని దుంకడు. విశ్వం..." ఆయన నన్ను చూసి కొంచెం ఆగారు. "విశ్వం మంచోడే, కని బుట్టల ఎయ్యడు."

"గదే నేను చెప్పేది!" ఇస్సాకు లేచి నిలబడ్డాడు. "గప్పుడు ఒక పులి, నాలుగు మేకలు. పులిని వట్టుకపోయిన్రు, మేకలు మిగిలినయ్. మల్ల ఒక పులిని సాదినం, మల్ల వట్టుకపోయిన్రు. ఇప్పుడు పులే లేదు. వీళ్లల్ల ఒక్కడు గూడ గొప్పోడు గాదు. ఒక్కొక్కన్ని విడదీస్తె ఎందుకూ పనికిరాడు. ఐదుగురు కలిస్తెనే టీమ్. గందుకే ఎవ్వడూ ఎత్తుకపోలేడు. కట్టుడు అయిపోయింది పంతులు సాబ్, ఖతం!"

హోటల్ అంతా చప్పట్లు కొట్టింది. పురుషోత్తం గారు సాసర్ ఊదుకున్నారు. నేను కూడా చప్పట్లు కొట్టాను. ఆ రాత్రి ఇంటికి నడుస్తుంటే, ఎందుకూ పనికిరానివాళ్లలో నేను ఒకడినన్నది కూడా నాకు గర్వంగానే ఉంది.

ఫిబ్రవరిలో ఒక ప్రభుత్వ సంస్థ నుంచి సెలక్షన్ అధికారి వచ్చి వెళ్లాడు. మేము కోర్టుకు చేరక ముందే వచ్చాడు. ఇస్సాకు ఒక్కడే గీతలు గీస్తున్నాడట. ఈ సంగతి మాకు ఆ సాయంత్రం హోటల్లో ఇస్సాకే చెప్పాడు, పెళ్లి కబురు చెప్పినట్టు.

"స్కూటర్ మీద అచ్చిండు. సఫారీ సూటు. 'క్యా బా, టీమ్ మే కౌన్ అచ్ఛా ఖేల్తా?' అని, ఎవడు మంచిగ ఆడ్తడో అడిగిండు. ఒక్కడే కావాల్నట, గార్డు జాగల. చేతిల నోట్‌బుక్కు గూడ ఉండె. నేను సూటిగ చెప్పిన. 'సాబ్, మా టీముల ఒక్కడు గూడ గొప్పోడు లేడు. విడిగ తీస్కపోతె ఎందుకూ పనికిరారు. ఐదుగురు కలిస్తెనే టీమ్. తీస్కపోతె ఐదుగుర్ని తీస్కపోండి' అన్న. బిత్తరపోయిండు! నోట్‌బుక్కు జేబుల పెట్టుకొని, సలాం కొట్టి పోయిండు. మన టీమ్ ఇజ్జత్ నిలవెట్టిన!"

 పురుషోత్తం గారు సాసర్ కింద పెట్టారు.

"గార్డు జాగలనా?" అన్నారు.

"ఔ."

"ఇస్సాకూ, మన గార్డు ఎవడు?"

ఇస్సాకు నవ్వు ముఖం మీదే ఉండిపోయింది. నా వైపు చూడలేదు.

"ఏం జేసినవ్ రా నువ్వు," అన్నారు పురుషోత్తం గారు మెల్లగా. "పిల్లగానికి జూన్ల నిండుతయ్."

నేను మరుసటి రోజు ఆ ఆఫీసుకు వెళ్లాను. గేటు దగ్గర రెండు గంటలు నిలబెట్టారు. చివరికి ఆ అధికారి బయటికి వచ్చి, మర్యాదగానే మాట్లాడాడు. వేరే క్లబ్ నుంచి ఒక కుర్రాడి పేరు వెళ్లిపోయిందన్నాడు. "మీ వాళ్లే చెప్పారుగా బాబూ, మీలో ఎవరూ విడిగా ఆడలేరని," అన్నాడు. అందులో ఎగతాళి లేదు. ఉంటే బాగుండేది.

మార్చిలో ఫైనల్. నగరం అవతల సిమెంటు కోర్టు. తొమ్మిదేళ్ల తర్వాత మూసీ క్లబ్ అక్కడికి చేరింది. ఇస్సాకు తెల్ల చొక్కా వేసుకుని, గంట ముందే వచ్చి, నేల మీద చెయ్యి పెట్టి చూశాడు. చదును చేయడానికేమీ లేదు. చేతులు ఏం చేసుకోవాలో తెలియక వెనక కట్టుకుని నిలబడ్డాడు. ఎదుటి టీములో వేణుగోపాల్ ఉన్నాడు. ఆట మొదలయ్యే ముందు వచ్చి, "మామా, బాగున్నవా?" అని ఇస్సాకు చెయ్యి పట్టుకున్నాడు.

మొదటి సగంలో మేము ఏడు పాయింట్లు ముందున్నాం. అప్పుడు నేను గ్యాలరీ వైపు చూశాను. నోట్‌బుక్కులు పట్టుకుని ముగ్గురు నలుగురు మనుషులు కూర్చుని ఉన్నారు. ఏ సంస్థల వాళ్లో తెలియదు. జూన్‌కు ఇంకా మూడు నెలలుంది.

రెండో సగంలో నేను పాసులు ఇవ్వడం మానేశాను.

బంతి నా చేతికి వచ్చిన ప్రతిసారీ బుట్టకేసి విసిరాను. రెండు పడ్డాయి, తొమ్మిది పడలేదు. సాలెం రింగు కింద చెయ్యి పైకెత్తి, "ఇధర్, విశ్వం భాయ్, ఇధర్!" అని అరుస్తూనే ఉన్నాడు. చివర్లో అరవడం కూడా మానేశాడు. మూడు పాయింట్లతో ఓడాం. ఆ రోజు ఐదుగురం కలవలేదు. నేను కలవనివ్వలేదు. నోట్‌బుక్కుల వాళ్లు నా పేరు కాదుకదా, మా వాళ్లలో ఎవరి పేరూ రాసుకోలేదు.

వేణుగోపాల్ షీల్డు ఎత్తుతుంటే ఇస్సాకు చప్పట్లు కొట్టాడు. "మంచిగ ఆడినవ్ బిడ్డా," అన్నాడు. వాణ్ణే అన్నాడు, నన్ను కాదు.

ఇరవై ఐదు నిండిన రోజు పొద్దున నేను ఇస్సాకు ఇంటికి వెళ్లాను. పనికి బయలుదేరుతున్నాడు. గుమ్మంలోనే అడిగేశాను.

"మామా, తెలిసే చెప్పినవా, తెల్వక చెప్పినవా?"

చాలాసేపు చెప్పులు తొడుక్కున్నాడు.

"ఎవడు మంచోడని అడిగినప్పుడు నాకు నువ్వే యాదికచ్చినవ్ బిడ్డా. నీ పేరు నోట్లెకు అచ్చింది." గొంతు దగ్గర వేలు పెట్టి చూపించాడు. "మింగిన. ఒక్క నెల ఆగితె ఫైనల్ అయిపోతది గద అనుకున్న. గా షెల్ఫు కాడ తొమ్మిదేండ్లు నిలవడ్డ నేను."

లోపల నుంచి వరమ్మ విని బయటికి వచ్చింది.  నాకు చాయ్ తెచ్చి ఇచ్చింది. నేను తాగకుండానే వచ్చేశాను.

తిట్టాలనుకుని పోయినవాడిని తిట్టలేకపోయాను. అబద్ధం చెప్పి ఉంటే తిట్టేవాడిని. ఆయన హోటల్లో మా అందరి ముందు అన్న మాటే ఆ అధికారితో మళ్లీ అన్నాడు. దానికి నేనూ చప్పట్లు కొట్టాను.

ఆ ఏడాదే సాలెం దుబాయ్ వెళ్లిపోయాడు. మిగతా ముగ్గురిలో ఒకడు ఆటో నడుపుతున్నాడు, ఇద్దరు ఎక్కడున్నారో తెలియదు. నేను చాదర్‌ఘాట్ దగ్గర పుస్తకాల బైండింగ్ దుకాణంలో చేరాను. చదివే పుస్తకాలకు కొదవ లేదు. సాయంత్రాలు కోర్టుకు కాదు, హోటల్‌కు వెళ్తాను. అభిమానుల్లో ఒకడినయ్యాను.

ఇస్సాకు కొత్త కుర్రాళ్ల కోసం మట్టి జల్లెడ పడుతూనే ఉన్నాడు. ఎనభైలో బాబురావు అనే పంతొమ్మిదేళ్ల కుర్రాడు వచ్చాడు. వాడి బాపు మున్సిపాలిటీ మేస్త్రీ. నాలాగే గార్డు, కానీ పాసు ఇవ్వడమూ తెలుసు, బుట్టలో వేయడమూ తెలుసు. వాడి చుట్టూ నలుగురు కుదిరారు. హోటల్లో మళ్లీ అదే లొల్లి. "ఈసారి అయిపోయిందే పంతులు సాబ్," అనేవాడు ఇస్సాకు. మునుపటిలా బల్ల చరిచేవాడు కాదు. పురుషోత్తం గారికి చూపు మందగించింది. సాసర్ కోసం తడుముకుంటూ, "ఇంకా రెండేండ్లు," అనేవారు.

ఈ ఏడు జనవరిలో ఇంకో సంస్థ నుంచి ఇంకో అధికారి వచ్చాడు. నేను హోటల్లో ఉన్నాను. రోడ్డు అవతల నుంచి ఇస్సాకు నన్ను గట్టిగా పిలిచాడు. ఏమైందోనని పరుగెత్తాను. సున్నం అంటిన చేతులతోనే నా మణికట్టు పట్టుకుని ఆ మనిషి ముందుకు లాక్కుపోయాడు.

"ఈయనే సార్, విశ్వం. వీన్ని మించిన గార్డు ఈ పట్నంల లేడు సార్. కండ్లు మూస్కొని బంతి ఇస్తడు. మిగిలినోళ్లదేం లేదు సార్, వీని ముంగట వాళ్లంత లెక్కగాదు. అడుగుండ్రి, ఎవర్నన్న అడుగుండ్రి!"

కోర్టు మీద ఆడుతున్న ఐదుగురూ ఆగి చూశారు. లెక్కలోకి రానివాళ్లు వాళ్లే.

ఆ అధికారి నా చెప్పులు చూశాడు, జిగురు మరకల చొక్కా చూశాడు. "వయసెంత?" అన్నాడు.

"ఇరవై ఏడు," అన్నాను.

ఆయన ఇస్సాకు వైపు జాలిగా చూసి, నోట్‌బుక్కు మూసి, స్కూటర్ వైపు తిరిగాడు. ఇస్సాకు అప్పటికీ నా మణికట్టు వదల్లేదు. "రెండేండ్లే గద సార్ ఎక్కువ," అంటున్నాడు. "రెండేండ్లదేమున్నది సార్?"

అప్పుడు నేను అన్నాను. "సార్, ఏడో నంబర్ బనీను. ఆ పిల్లగాన్ని చూడండి. పది నిమిషాలు కాదు, ఆట అయిపోయేదాకా చూడండి. బంతి లేనప్పుడు వాడు ఎక్కడ నిలబడతాడో చూడండి."

ఆయన ఆగాడు. ఆట పూర్తయ్యేదాకా చూశాడు. బాబురావు పేరు, ఇంటి నంబరు రాసుకుని వెళ్లాడు.

బాబురావు తల్లి నాగమణమ్మ తర్వాత మా ఇంటికి వచ్చి, నా రెండు చేతులూ కళ్లకు అద్దుకుంది. కొడుకు బతుకు నిలబెట్టిన మంచివాడినని ఆమె అనుకుంటోంది. నాకు ఆ క్షణంలో బాబురావు బతుకు గుర్తుకు రాలేదు. రేకుల గదిలో షెల్ఫు గుర్తుకొచ్చింది. ఈ టీమ్ కూడా విరగాలి, ఆ డబ్బా అక్కడే ఉండాలి అనుకున్నాను. ఈ సంగతి ఆమెకు చెప్పలేదు. ఎవరికీ చెప్పలేదు.

నిన్న బాబురావుకు కాగితం వచ్చింది. వచ్చే నెలలో లీగ్ మొదలవుతుంది. సాయంత్రం కలాకంద్ డబ్బాతో కోర్టుకు వచ్చి, ఆచారం ప్రకారం మొదటి ముక్క ఇస్సాకు నోటికి అందించాడు. ఇస్సాకు నోరు తెరవలేదు. ఆ ముక్కను అరచేతిలోకి తీసుకుని, "పెద్దోనివి కావాలె," అని బాబురావు తల నిమిరి, గదిలోకి వెళ్లి షెల్ఫు మీద పెట్టాడు. సున్నం డబ్బా తీసుకుని బయటికి వచ్చాడు.

"విశ్వం, తాడు వట్టు," అన్నాడు.

ఆటగాళ్లు మిఠాయి చుట్టూ మూగి ఉన్నారు. మేకు దగ్గర కూర్చుని తాడు కొస పట్టుకున్నాను. ఇస్సాకు రెండో కొస పట్టుకుని వెనక్కి నడవడం మొదలుపెట్టాడు. హోటల్ మెట్ల మీద నుంచి పురుషోత్తం గారు కళ్లకు చెయ్యి అడ్డం పెట్టుకుని కోర్టు వైపు చూసే ప్రయత్నం చేస్తున్నారు.

"ఇస్సాకూ! ఇంకెన్నేండ్లు రా?" అని కేకేశారు.

ఆ ప్రశ్న ఎప్పుడూ ఇస్సాకు ఆయన్ని అడిగేవాడు. ఈసారి ఆయనే అడిగారు. ఇస్సాకు వెనక్కి నడుస్తూనే ఉన్నాడు. నేను హోటల్ వైపు తల తిప్పాను. నా చేతిలో తాడు వదులైంది. అవతల గీత బయటికి జానెడు వంగి, మళ్లీ దారిలోకి వచ్చి, వృత్తం పూర్తయింది.

ఇస్సాకు నడుము పట్టుకుని నిలబడి దాన్ని చూశాడు. వంకర ఎక్కడుందో సరిగ్గా అక్కడే చూశాడు. గోనెపట్టా ఆయన భుజం మీదే ఉంది.

తుడవలేదు. డబ్బాకు మూత పెట్టి, రోలర్ దగ్గరికి వెళ్లిపోయాడు.